ఏడో లైనులో బోల్టు

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువే. కాదని నేనెప్పుడూ అనలేదు. పని చేయకుండానే చేసేసినట్టు కాగితం మీద చూపించే మనుషులంటే నాకు ఒళ్ళు మండుతుంది, అంతే. ముప్పై నాలుగేళ్ళు కేంద్ర ప్రభుత్వంలో అలాంటివాళ్ళ మధ్యే బతికాను. అసిస్టెంటుగా చేరి అండర్ సెక్రటరీ దాకా వచ్చాను. వచ్చే జూన్‌లో రిటైరవుతాను. నా పేరు వీరరాఘవులు, మాది బాపట్ల. నా బతుకులో సగం పైన ఢిల్లీలోనే గడిచింది గానీ కోపం మాత్రం ఇంకా బాపట్లదేనని మా ఆవిడ సునంద అంటుంది.

మా కారు పదమూడేళ్ళనాటి పెట్రోలు బండి. పదిహేనేళ్ళు నిండితే ఢిల్లీలో రోడ్డెక్కనివ్వరు. ఇంకో రెండేళ్ళు ఆయుష్షున్న బండిని అమ్మడం ఎందుకని దాన్నే నడుపుతున్నాం. నడుపుతున్నాం అంటే సునంద నడుపుతుంది. ఆమె ద్వారకలోనే మా ఇంటికి నాలుగు సెక్టార్ల అవతల బడిలో లెక్కల టీచరు. నేను చార్టర్డ్ బస్సులో ఆఫీసుకు పోతాను. మా అమ్మాయి దీపు మెట్రోలో ఘాజియాబాద్ పోతుంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ కంపెనీలో కూర్చుంది, అందరి పిల్లల్లాగే.

పోయినేడాది చివర్లో ఒక గ్యారేజీవాడు బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేశానని చెప్పి పాతవాటినే తుడిచి పెట్టాడు. చక్రం విప్పి చూసి దీపు కనిపెట్టింది. నేను వెళ్ళి ఎంత గొడవ చేశానంటే పక్కన సమోసాలు వేయించేవాడు కూడా మంట తగ్గించి మరీ విన్నాడు. ఇంటికొచ్చాక దీపు నింపాదిగా చెప్పింది.

"ఇకనుంచి నేనే చేస్తాను నాన్నా. మాన్యువల్ ఉంది, వీడియోలున్నాయి. ఆప్ బస్ టూల్స్ దిలా దో."

ఢిల్లీలో పుట్టి పెరిగిన పిల్ల. సగం తెలుగు, సగం హిందీ, మధ్యలో ఇంగ్లీషు. టూల్స్ కొనిచ్చాను. కాకపోతే ఊరికే ఇవ్వలేదు, షరతులు పెట్టాను. బండికి ఒక ఫైలు ఉండాలి. ఏ పని చేసినా ఒక కాగితం మీద వరసగా లైన్లు రాసి, చేసిన ప్రతి పనికీ ఎదురుగా టిక్కు పెట్టాలి. ఆ తర్వాత నేను చూసి కింద సంతకం పెడతాను. సంతకం అయ్యేదాకా కారు తాళం ఫైలులోనే ఉంటుంది. అయ్యాకే తలుపు పక్కన కొక్కేనికి ఎక్కుతుంది. తాళం కొక్కేనికి ఉంటేనే సునంద బండి తీస్తుంది. నోటిమాటలు పనికిరావు, వాట్సాప్ మెసేజీలు అసలే పనికిరావు, చెప్పాల్సింది ఏదైనా ఫైలు మీదే చెప్పాలి. ఇంకో షరతు, అంతా తెలుగులో రాయాలి. చిన్నప్పుడు నేర్చుకోమంటే ఏడిపించింది, ఇప్పుడైనా వస్తుందని నా ఆశ.

"నాన్నా, ఇది ఇల్లా, మినిస్ట్రీయా?" అంది దీపు.

"మినిస్ట్రీలో ఇంత పద్ధతి ఉంటే దేశం ఎప్పుడో బాగుపడేది" అన్నాను.

నిజంగానే గర్వపడ్డాను. మా సొసైటీలో కనపడ్డవాళ్ళందరికీ ఈ పద్ధతి గురించి చెప్పాను. పై అంతస్తులో ఉండే లక్ష్మీపతిగారికైతే ఫైలు తెచ్చి చూపించాను. ఆయన పేజీలు తిప్పి, "అమ్మాయి తెలుగు రాత ముద్దుగా ఉందండీ" అన్నారు. అక్షరాలు వంకరటింకరగా, ఒకదాని మీద ఒకటి పడిపోతున్నట్టు ఉంటాయి. నేను పద్ధతి గురించి చెబుతుంటే ఈయన రాత గురించి మాట్లాడతారేమిటని విసుక్కున్నాను.

దీపు పని నేర్చుకుంది. మార్చిలో డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ దీపం వెలిగింది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు పట్టేసి బండి జారిపోకుండా చూసేదే ఏబీఎస్. దానికి ప్రతి చక్రం దగ్గరా వేగం కొలిచే చిన్న సెన్సరు ఉంటుంది. గ్యారేజీవాళ్ళు మొత్తం యూనిట్టే మార్చాలన్నారు. దీపు ఆదివారమంతా పార్కింగులో కూర్చుని, కుడి ముందు చక్రం విప్పి, సెన్సరు తీసి, దానికి అంటుకున్న ఇనుప పొడి తుడిచి, తెగిన వైరు అతికి మళ్ళీ పెట్టింది. దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

అక్టోబరులో దానికి ఇంకో ఉద్యోగం వచ్చింది. ఘాజియాబాద్‌లోనే, బండ్ల బ్రేకులు పరీక్షించే చిన్న ల్యాబులో. ఇప్పటి జీతం కంటే తక్కువ. అయినా ఆ కాగితం చూపించినప్పుడు దాని మొహం చూడాలి. ఇంటర్వ్యూలో మన కారు ఫైలు ఫోటోలే చూపించానంది. నవంబరు ఒకటో తారీఖున చేరాలి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక ఆ ఆదివారం.

దీపు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు మార్చింది. మధ్యాహ్నం దాకా పార్కింగులోనే ఉంది. సాయంత్రం మునిర్కాలో స్నేహితురాలు నేహా గదికి వెళ్ళింది. రాత్రి అక్కడే ఉండి సోమవారం పొద్దున అటునుంచి అటే ఆఫీసుకు పోతానంది. వెళ్ళేముందు తాళం లోపల పెట్టిన ఫైలును నా బల్ల మీద ఉంచింది. నేనప్పుడు లక్ష్మీపతిగారితో ఫోన్లో ఉన్నాను. మా సొసైటీ లిఫ్టు సంగతి. తనిఖీ చేయాల్సిన మనిషి లిఫ్టు ఎక్కకుండానే బాగుందని సర్టిఫికెట్ రాసిచ్చి పోయాడు. "వాడి చేతులు విరగ్గొట్టాలండీ, రేపు తాడు తెగితే ఎవరిది బాధ్యత?" అని అరుస్తున్నాను. దీపు గుమ్మంలో కాసేపు నిలబడింది. ఫైలు వైపు చెయ్యి చూపించింది. సరే, సరే అని తలూపాను. వెళ్ళిపోయింది.

ఫోన్ పెట్టకుండానే ఫైలు తెరిచి, సంతకం పెట్టి, తాళం తీసుకెళ్ళి కొక్కేనికి తగిలించాను.

మర్నాడు పొద్దున తొమ్మిది కూడా కాలేదు, నేను ఆఫీసు మెట్లెక్కుతున్నాను, సునంద నంబరునుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది ఎవరో ఆడమనిషి.

"అంకుల్, ఆంటీ కా ఏక్సిడెంట్ హో గయా హై. ఆప్ ఆ జాయియే."

ఆ తర్వాత ఆమె ఆసుపత్రి పేరు చెప్పింది, సెక్టారు చెప్పింది, ఆంటీకి తెలివి ఉందని కూడా చెప్పింది. నాకు ఏదీ ఎక్కలేదు. మెట్ల మీదే కూర్చుండిపోయాను. మా సెక్షన్లో పనిచేసే కుర్రాడు క్రాంతి చూసి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుని అన్నీ అడిగి, నన్ను టాక్సీ ఎక్కించాడు. ద్వారక చేరేదాకా డ్రైవరు ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. అచ్ఛా, అచ్ఛా అంటూ పోయాను. దేనికన్నానో దేవుడికే తెలియాలి.

సునంద ఎడమ మణికట్టు విరిగింది. కింది పెదవికి మూడు కుట్లు పడ్డాయి. నన్ను చూడగానే, "పిల్లలకేం కాలేదండీ" అంది.

ఏ పిల్లలో నాకు అర్థం కాలేదు. మెల్లగా చెప్పింది. నాలుగు రోడ్లు కలిసే గోల్ చక్కర్ దగ్గర ముందు ఒక ఈ-రిక్షా ఉంది, నిండా బడి పిల్లలు. అది ఆగింది. సునంద బ్రేకు తొక్కింది. ఎడమ ముందు చక్రం దగ్గర ఇనుము విరిగినట్టు పెద్ద చప్పుడైంది. పెడలు కిందిదాకా దిగిపోయింది. బండి ఆగలేదు. స్టీరింగు ఎడమకు తిప్పి రోడ్డు పక్కన ఇనుప కంచెకు గుద్దింది.

"ఆ రిక్షాలో వెనక్కి తిరిగి కూర్చున్న పాప నన్నే చూస్తోందండీ" అంది. "నాకు చెయ్యూపింది. బ్రేకు తొక్కుతున్నాను, బండి పోతూనే ఉంది."

కుట్లు లాగుతున్నా అదే మాట మళ్ళీ చెప్పింది. ఆమె కుడిచెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు లక్ష్మీపతిగారు ఫోన్ చేశారు. బండి దగ్గరికి ఆయన వెళ్ళారు.

"రాఘవులుగారూ, ఎడమ చక్రం దగ్గర బ్రేకును పట్టి ఉంచే కాలిపరు ఉంటుందటగా, అది ఊడి పైకి లేచి చక్రానికి తగిలిందట. బ్రేకు ఆయిల్ పైపు తెగింది. కింది బోల్టు లేనే లేదంటున్నాడు క్రేనువాడు. బిగించకుండా వదిలేశారట."

నా కోపం సంగతి మొదట్లోనే చెప్పాను. అంతవరకూ భయంతో చచ్చిపోతున్నవాణ్ణి, ఆ మాట వినగానే నిలువునా మండిపోయాను. బిగించకుండా వదిలేసింది. నా కూతురు. పద్ధతి నేర్పాను, ఫైలు పెట్టాను, ఇన్ని చేసినా ఒక్క బోల్టు బిగించకుండా షికారు పోయింది.

దీపు పదకొండున్నరకు వచ్చింది. మెట్రో దిగి పరిగెత్తుకొచ్చినట్టుంది, చెమటలు కారుతున్నాయి.

"నాన్నా, మమ్మీ కైసీ హై?"

వరండాలోనే మొదలుపెట్టాను. ఏమన్నానో అంతా చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. జనం ఆగి చూశారు. నర్సు వచ్చి గట్టిగా మాట్లాడొద్దంది. నేను ఆగలేదు.

దీపు గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. "ఆ బోల్టు మర అరిగిపోయింది నాన్నా. కొత్తది ఇవాళ వస్తుంది. పాతదాన్ని ఊరికే చేత్తో దూర్చి ఉంచాను. బండి తీయొద్దని మీకు చీటీ అంటించాను. ఫైలు మీద."

"చీటీ లేదు, గీటీ లేదు" అన్నాను. "నేను చూడలేదు."

ఆ మాట అబద్ధమని నాకు తెలియదు. నిజంగా చూడలేదనే అనుకున్నాను.

దీపు కాసేపు ఆలోచించింది. "అయితే ఊడి పడిపోయి ఉంటుంది. పిన్ కొట్టాల్సింది. ఫోన్ కూడా చేయాల్సింది. మీరు ఫోన్లో చెప్పొద్దంటారు కదా అని చేయలేదు. గల్తీ మేరీ హై."

"చీటీ మీద పెట్టావా అమ్మ ప్రాణం? నీకు బ్రేకులు పరీక్షించే ఉద్యోగం కూడానా? ఎంతమందిని చంపుతావు?"

దాని మొహంలో రక్తం లేదు. లోపలికి పోయి తల్లి పక్కన కూర్చుంది.

సాయంత్రం నాలుగింటికి సునందను ఇంటికి పంపించారు. దీపు తల్లికి పక్క సర్ది, మందులు వరసగా పెట్టి, వంటింట్లోకి పోయింది. తర్వాత పార్కింగులోంచి తన టూల్ బాక్సు పైకి తెచ్చి, తలుపు బయట పాత పేపర్ల కట్ట పక్కన పెట్టింది.

"అదెందుకక్కడ?" అని అడిగింది సునంద.

"కబాడీవాలా వస్తే ఇచ్చేద్దామని" అంది దీపు.

నేను విన్నాను. పాత సామాన్లవాడికి ఇచ్చేస్తే మంచిదే అనుకున్నాను. నా కోపం ఇంకా చల్లారలేదు. దేనికైనా కాగితం మీద ఒక ముగింపు ఉండాలి నాకు. ఆ ఫైలులో ఎర్రసిరాతో నాలుగు ముక్కలు రాసి మూసేద్దామని నా గదిలోకి వెళ్ళాను.

బల్ల ముందు కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, ఆదివారం కాగితం తీశాను. పది లైన్లున్నాయి. మొదటిది, చక్రం విప్పాను, టిక్కు. రెండోది, టిక్కు. అలా ఆరు దాకా. ఏడోది, ఎడమ కాలిపరు కింది బోల్టు బిగించడం. దాని ఎదురుగా టిక్కు లేదు. ఎనిమిది, తొమ్మిది, పది, వాటికీ లేవు.

వాటి కింద నా సంతకం ఉంది. తారీఖుతో సహా.

మళ్ళీ చూశాను. టిక్కు లేని లైన్లు నాలుగు. చిన్నపిల్లాడికి చూపించినా ఖాళీగా ఉన్నాయని చెబుతాడు. అయినా మనసు ఊరుకోదు కదా. సరే, నేను తొందరలో ఉన్నాను, చీటీ ఉంటే తప్పకుండా చూసేవాణ్ణి, ఆ చీటీ ఊడిపోవడం వల్లే వచ్చింది ఇదంతా అనుకున్నాను. అనుకుంటూ ఎడమచేతిని అలవాటుగా బల్ల అంచున వేశాను. వేలికి కాగితం తగిలింది.

ఇక్కడ మా ఆఫీసు సంగతి ఒకటి చెప్పాలి. పెద్ద పెద్ద ఫైళ్ళలో సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కునే పని లేకుండా సెక్షనువాళ్ళు అక్కడొక పసుపు చీటీ అంటిస్తారు. మేము చీటీ ఉన్న పేజీ తెరుస్తాం, సంతకం పెడతాం, చీటీ పీకి బల్ల అంచుకు అంటిస్తాం. రోజుకు వంద. సాయంత్రానికి అంచు నిండిపోతుంది. కనకయ్య అని మా ప్యూను, తెలుగువాడే, ఇంటికి పోయేముందు అన్నీ పీకి చెత్తబుట్టలో వేస్తాడు. ముప్పై నాలుగేళ్ళుగా నా ఎడమచెయ్యి ఆ పని దానంతటదే చేస్తోంది.

ఇంట్లో కనకయ్య లేడు.

బల్ల అంచు మీదికి వేలాడే కిటికీ కర్టెన్ జరిపాను. బల్ల అంచున, గోడ వైపున, నాలుగు పసుపు చీటీలు వరసగా ఉన్నాయి. అన్నిటికంటే ఇవతలిది కొత్తది. వంకరటింకర తెలుగు అక్షరాలు.

'ఏడో లైను. కింది బోల్టు బిగించలేదు. మర అరిగింది. కొత్తది సోమవారం వస్తుంది. తాళం అమ్మకు ఇవ్వద్దు.'

ఎన్నిసార్లు చదివానో. కళ్ళ ముందు ఆ ఈ-రిక్షాలో పాప కనపడింది, నేనసలు చూడనే చూడని పాప. చెయ్యూపుతోంది. చీటీ ఊడిపోలేదు. నేనే పీకాను. నా చేత్తో పీకి, నా బల్లకు అంటించి, తాళం తీసుకెళ్ళి నా పెళ్ళాం చేతికి అందేలా తగిలించాను.

అప్పుడు నేను చేసిన పని కూడా చెబుతాను. దాచి లాభమేముంది? ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ తెలియదు. దీపు కూడా తన తప్పే అనుకుంటోంది. ఫైలు మూసేస్తే సరిపోతుంది. లేచి రెండడుగులు వేశాను కూడా.

మిగతా మూడూ ఏమిటో చూద్దామని వెనక్కి తిరిగాను. ఎందుకు తిరిగానో తెలియదు.

ఆగస్టుది. 'వెనక హ్యాండ్ బ్రేకు మీరు ఒకసారి లాగి చూడండి. నాకు డౌటు.' నేను లాగలేదు. ఆ కాగితం మీద కూడా నా సంతకం ఉంది.

జూన్‌ది. 'బ్రేకు ఆయిల్ మార్చాను. పాతది సీసాలో పోసి బాల్కనీలో పెట్టాను. ఎంత నల్లగా ఉందో చూడండి.' ఆ సీసా నాకు గుర్తుంది. బాల్కనీలో ఈ మురికి సీసా ఎవరు పెట్టారని ఇల్లంతా అదిరిపోయేలా అరిచి, నేనే బయట పారేయించాను. దీపు అప్పుడు పక్కనే ఉంది.

అంచు చివర ఉన్నది మార్చిది. రంగు వెలిసింది, మూల వంగిపోయింది.

'సెన్సరు నేనే బాగుచేశాను. దీపం ఆరిపోయింది. బాగా చేశానా నాన్నా?'

కుర్చీలో కూలబడ్డాను. ఏడు నెలలు. నా మోచేతికి జానెడు దూరంలో ఏడు నెలలనుంచి ఉంది ఆ ప్రశ్న. తెలుగులో రాస్తేనే చూస్తానన్నాను. తెలుగు రాని పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుని తెలుగులో రాసింది. నేను పీకి గోడ వైపు అంటించాను. జేబులో చీటీ నా రొమ్మును కాలుస్తున్నట్టు అనిపించింది. లిఫ్టు ఎక్కకుండా సర్టిఫికెట్ ఇచ్చినవాడి చేతులు విరగ్గొట్టాలన్నాను నేను, ఆదివారం ఆ సంతకం పెడుతూనే.

నాలుగూ పట్టుకుని సునంద గదిలోకి వెళ్ళాను. దీపు తల్లికి పప్పన్నం తినిపిస్తోంది. నా మొహం చూసి ఇద్దరూ ఆగిపోయారు.

"చీటీ ఊడలేదమ్మా" అన్నాను. "నేనే పీకాను. చదవలేదు. సంతకం పెట్టి తాళం తగిలించాను. తప్పు నాది. ఇంతకుముందువి కూడా చదవలేదు."

మంచం మీద నాలుగూ పెట్టాను. సునంద కుడిచేత్తో ఆదివారం చీటీ తీసుకుని చదివింది. తల పైకెత్తి నన్ను చూసింది. ఆమె తిడితే బాగుండేది. కళ్ళు మూసుకుని దిండు మీదికి వాలిపోయింది.

"పొద్దున ఆసుపత్రిలో దాన్ని ఎన్ని మాటలన్నారు" అంది.

"అన్నాను."

"అందరూ వింటుండగా అన్నారు."

"అవును."

దీపు పళ్ళెం కింద పెట్టింది. "ఆ ల్యాబువాళ్ళకు నేనే రాస్తాను. జరిగింది మొత్తం రాస్తాను. నువ్వు ఉద్యోగం మానొద్దు" అన్నాను.

"మెయిల్ పంపేశాను నాన్నా. చేరనని. పొద్దున ఆసుపత్రిలోనే, మీరు అన్నాక."

మంచం అంచున కూర్చున్నాను.

దీపు ఆదివారం చీటీ వంక చూడలేదు. మార్చి చీటీ చేతిలోకి తీసుకుంది, వంగిన మూలను బొటనవేలితో సరిచేసింది.

"ఇది చదివారనే అనుకున్నాను" అంది. "చదివారు, కానీ పని బాగాలేదు కాబట్టి ఏమీ అనలేదు అనుకున్నాను. అందుకే ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు."

బాగా చేశావమ్మా అనబోయాను. నోటిదాకా వచ్చింది. కానీ ఆ పని నేను చూస్తేగా. ఈ పిల్ల చేసిన ఒక్క పనీ నేను వంగి చూడలేదు. చూడకుండా బాగుందనడం నాకు బాగా వచ్చిన విద్య, ముప్పై నాలుగేళ్ళ విద్య. ఆ మాటను గొంతులోనే ఆపేశాను.

"బండి తెచ్చారా?" అని అడిగాను.

"లక్ష్మీపతి అంకుల్ క్రేనుతో తెప్పించారు. కింద ఉంది."

"కుడి చక్రం బాగానే ఉందిగా. సెన్సరు అక్కడేగా. పద, చూపించు."

"నేను టూల్స్ ముట్టుకోను నాన్నా. నా చేతి పని మీద నాకే నమ్మకం పోయింది."

"నువ్వు ముట్టుకోవద్దు. నువ్వు చెప్పు, నేను విప్పుతాను."

సునంద కళ్ళు తెరవకుండానే, "వెళ్ళవే. ఆయన ఒక్కడూ పోతే బండి మీదేసుకుంటాడు" అంది. దీపు తల్లి మూతి తుడిచి లేచింది.

తలుపు బయటున్న టూల్ బాక్సు నేనే మోసుకెళ్ళాను. అంత బరువుంటుందని నాకు తెలియదు. బండి ఎడమ మూల నలిగిపోయి ఉంది. అటు చూడలేకపోయాను. మార్చి నాటి కాగితం బానెట్ మీద పెట్టాను. దీపు చెప్పినట్టు జాకీ పెట్టి లేపాను. చక్రం నట్లు తిప్పబోతే ఒక్కటీ కదల్లేదు.

"జాకీ ఎక్కించకముందే నట్లు లూజ్ చేయాలి, చెప్పానుగా. వినలేదు మీరు" అంది దీపు. "ఇంకోటి, మీరు ఉల్టా తిప్పుతున్నారు."

మళ్ళీ దింపి, నట్లు వదులు చేసి, మళ్ళీ లేపాను. నడుము పట్టేసింది. చక్రం ఊడదీసి పక్కన పెట్టాక నేల మీద మోకాళ్ళ మీద కూర్చున్నాను. గార్డు వచ్చి "క్యా హువా అంకుల్ జీ?" అన్నాడు. కుచ్ నహీ భయ్యా అన్నాను. దీపు టార్చి వేసింది.

బ్రేకు డిస్కు వెనక, బొటనవేలంత నల్లటి ముక్క, అదే సెన్సరు. దాన్నుంచి బయల్దేరిన వైరు, బెత్తెడుకొక చోట నీటుగా కట్టి పైకి పోయింది. అతికిన చోట నల్లటి తొడుగు వేసి ఉంది. దాన్ని పట్టి ఉంచిన బోల్టు మీద తెల్ల రంగుతో సన్నటి గీత, బోల్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒకే గీతగా సాగింది.

"ఈ గీతేమిటి?"

"బిగించాక పెట్టే గుర్తు. బోల్టు వదులైతే గీత విరిగిపోయి కనిపిస్తుంది. అప్పుడు రెంచి అక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు." టార్చి గీత మీదికి తిప్పింది. "మీకు ఈజీగా ఉంటుందని పెట్టాను."

నాకోసం పెట్టింది. ఏడు నెలలుగా ఆ గీత అక్కడే ఉంది, మట్టి పట్టి, ఎండకు వానకు తిరిగి, చెక్కు చెదరకుండా. వేలితో మట్టి తుడిచాను. గీత తిన్నగా ఉంది. చుట్టూ చూశాను, వైరు పట్టుకుని మెల్లగా లాగి చూశాను. కళ్ళు మసకబారితే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాను.

"బాగా చేశావమ్మా" అన్నాను అప్పుడు.

దీపు ముక్కు ఎగబీల్చి, బానెట్ మీద కాగితం తీసి వెలుగులోకి పట్టుకుంది.

"రేపు పొద్దున వాళ్ళకు ఫోన్ చేస్తాను" అంది. "చూద్దాం, ఏమంటారో." కాగితం నా ముందుకు చాపింది. "ఇది మొదటి లైనే నాన్నా. ఇంకా ఐదున్నాయి."

రెండో లైను పైకి చదివాను. చదివి, మళ్ళీ వంగాను.